ఒంటి ఇంజిన్ నుంచి నాలుగు ఇంజిన్ల దాకా

నిచ్చెన ఎక్కి కాక్‌పిట్‌లోకి దిగండి. ముందు కాళ్లు పోనివ్వండి, తర్వాత నడుము. ఒంటిమీదున్న జీ-సూట్ మిమ్మల్ని మామూలుగా వంగనివ్వదు. పొట్ట మీద, తొడల మీద, పిక్కల మీద గాలి సంచులు కుట్టిన బిగుతు ప్యాంటు అది. దాని గొట్టాన్ని పక్కనున్న ప్లగ్గుకు తగిలించండి. ఆక్సిజన్ మాస్కు, రేడియో తీగ, భుజాల పట్టీలు, నడుం పట్టీ. తొడకు కట్టుకున్న చిన్న పలక మీద మడతపెట్టిన మ్యాపు. చంక దగ్గర పిస్టల్. టెక్నీషియన్ నిచ్చెన మీద నిలబడి, మీ మీదికి వంగి పట్టీలు లాగి లాగి బిగిస్తాడు, ఊపిరి తీసుకోవడానికి మాత్రమే చోటు మిగిలేలా. చివరగా సీటుకున్న సేఫ్టీ పిన్నులు ఒక్కొక్కటే పీకి, వాటికి వేలాడే ఎర్ర పట్టీలతో సహా మీ కళ్లముందు పెట్టి చూపిస్తాడు. అన్నీ బయటికొచ్చాయని మీరు తలూపాలి. ఇక మీ కింద ఉన్నది ఏ క్షణంలోనైనా పేలగల రాకెట్టు.

ఇది శ్రీనగర్ వైమానిక స్థావరం. 1999 మే 27. ఈ సీటు ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేతది. తెలుగింటి పిల్లాడు, చదువు ఢిల్లీ కేంద్రీయ విద్యాలయంలో. వాయుసేన 9వ స్క్వాడ్రన్‌లో మిగ్-27 పైలట్. ఇంకో నాలుగు రోజులైతే 26 ఏళ్లు నిండుతాయి.

ముందురోజే వాయుసేన కార్గిల్ యుద్ధంలోకి దిగింది. ఆ చర్యకు 'ఆపరేషన్ సఫేద్ సాగర్' అని పేరు పెట్టారు. ద్రాస్, కక్సర్, బటాలిక్ శిఖరాల మీద పాకిస్తాన్ సైనికులు బంకర్లు కట్టుకుని కూర్చున్నారు. కింది నుంచి ఎక్కుతున్న మన జవాన్లు వాళ్ల తుపాకులకు ఎదురుగా, ఏ చాటూ లేని వాలుల్లో ఉన్నారు. విమానాలు పంపడానికి వాజ్‌పేయి ప్రభుత్వం ఒప్పుకుంది, ఒకే ఒక్క షరతు మీద. నియంత్రణ రేఖ దాటకూడదు.

ఢిల్లీలో కాగితం మీద అది ఒక వాక్యం. ఈ సీట్లో దాని బరువు వేరు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒక కిలోమీటరు నాలుగు సెకన్లలో వెనక్కి పోతుంది. రేఖ ఏ కొండ వీపున ఉందో నేల మీద గీత గీసి ఎవరూ పెట్టలేదు. లక్ష్యాన్ని వెతకాలి, గురి కుదరాలి, కొట్టాలి, రేఖకు ఇవతలే మలుపు తిరగాలి. ఆ ఎత్తులో గాలి కూడా మీ పక్షాన లేదు. 17 వేల అడుగుల దగ్గర గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే సగానికి కొంచెం ఎక్కువ, అంతే. రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్‌కు ఊపిరి తగ్గుతుంది, మైదానాల్లో సాధన చేసిన లెక్క ప్రకారం వదిలిన రాకెట్టు ఇక్కడ ఆ చోట పడదు. ఇంత ఎత్తున్న లక్ష్యాల మీద వాయుయుద్ధం చేసిన అనుభవం ప్రపంచంలో ఏ దేశానికీ లేదనే చెప్పాలి. తొలి రోజుల్లో పైలట్లు యుద్ధం చేస్తూనే ఆ లెక్కలు నేర్చుకున్నారు.

ఇంజిన్ స్టార్ట్ కావడానికి కాస్త టైముంది. ఈలోగా ఈ సీటు దాకా ఒక మనిషి ఎలా వస్తాడో చూద్దాం. దానికి మనం హైదరాబాద్ వెళ్లాలి.

దుండిగల్. నగరానికి ఉత్తరాన ఉన్న ఈ ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి 1967 అక్టోబర్ 11న అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. దేశంలో ఏ మూల పుట్టినా, వాయుసేన అధికారిగా భుజాన పట్టీ పడేది ఇక్కడి పరేడ్ గ్రౌండ్‌లోనే. రాత్రి పదింటికి ఒక క్యాడెట్ గదిలోకి తొంగి చూడండి. కుర్రాడు కళ్లు మూసుకుని కుర్చీలో కూర్చుని ఉంటాడు. నిద్ర అనుకుంటారు. చూస్తూ ఉండండి. ఎడమ చెయ్యి లేస్తుంది, గాల్లో లేని లివర్‌ను ముందుకు తోస్తుంది. కుడి చేతి బొటనవేలు లేని బటన్ నొక్కుతుంది. పెదాలు కదులుతుంటాయి. రేపటి సార్టీ మొత్తం కుర్చీలోనే నడిపేస్తున్నాడు. కళ్లకు గంతలు కట్టి "ఫలానా స్విచ్ చూపించు" అంటే వేలు నేరుగా దాని మీదికి పోవాలి, పక్కదాన్ని తడమకూడదు. ఆ పరీక్ష దాటందే విమానం ఒంటరిగా ఇవ్వరు.

ఒంటరిగా ఇచ్చే రోజు వస్తుంది. ఆ రోజు వస్తుందని ముందుగా చెప్పరు. ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి నాలుగైదు ల్యాండింగులు చేస్తారు. మళ్లీ తిరుగుదామనుకుంటుంటే ఆయన ఆపమంటాడు. ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. పట్టీలు విప్పుకుని దిగుతాడు. దిగాక వెంటనే వెళ్లిపోడు. వెనక్కి వంగి, తను ఖాళీచేసిన సీటు పట్టీలను ఒకదాంతో ఒకటి బిగించి కడతాడు. వదులుగా ఉంటే అవి గాల్లో కంట్రోల్ స్టిక్‌కు చుట్టుకోవచ్చు. ఆ ముడి పడుతున్నప్పుడు కుర్రాడికి అర్థమవుతుంది, ఇప్పుడు పక్కన ఎవరూ ఉండరని. ఒక్క చుట్టు తిరిగి దిగడమే పని. ఎనిమిది పది నిమిషాలు. తర్వాత ముప్పై ఏళ్లు ఎగిరిన వాళ్లను అడిగినా ఆ పది నిమిషాలు మాత్రం పూసగుచ్చినట్టు చెబుతారు.

అక్కడి నుంచి దారులు చీలతాయి. హెలికాప్టర్లకు కొందరు, రవాణా విమానాలకు కొందరు, ఫైటర్లకు కొందరు. ఫైటర్ల వాళ్లకు హకీంపేట. అక్కడి కిరణ్ జెట్ల చప్పుడు చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు పొద్దుటి అలారం లాంటిది. పైనున్న కుర్రాడి ఒంట్లో ఏం జరుగుతోందో కింద పొలంలో తలెత్తి చూసేవాళ్లకు తెలియదు.

ఏం జరుగుతోందో మీ ఒంటితోనే చూడండి. విమానాన్ని ఒక పక్కకు ఒరగబెట్టి స్టిక్‌ను పొట్టలోకి లాగండి. రెండు జీ, మూడు జీ. బుగ్గలు కిందికి జారతాయి, మాస్కు ముక్కును కోస్తుంది. నాలుగు. చేతిని ఒడిలోంచి లేపాలంటే పంతం పట్టాలి. ఆరు జీ అంటే 70 కిలోల మనిషి 420 కిలోలవుతాడు. హెల్మెట్‌తో కలిపి తల ఒక్కటే దాదాపు నలభై కిలోలు, దాన్ని మోస్తున్నది మీ మెడ. రక్తం తల వదిలి కాళ్లలోకి దిగిపోతుంటుంది. ముందు రంగులు పోతాయి. ఎర్ర దీపం కూడా బూడిదరంగులో కనిపిస్తుంది. తర్వాత చూపు అంచుల నుంచి ముడుచుకుని గొట్టంలోంచి చూసినట్టవుతుంది. ఇంకొంచెం లాగితే తెలివి పోతుంది. జీ-సూట్ సంచులు ఉబ్బి కాళ్లను, పొట్టను నొక్కిపట్టి రక్తాన్ని ఆపుతాయి, కానీ అది చాలదు. మీరే తొడలు, పొట్ట బిర్రబిగించి, గుండెల నిండా గాలి పట్టి, మూడేసి సెకన్లకు ఒకసారి గుప్పున వదిలి గుప్పున పీల్చాలి. అలా మూలుగుతూనే తల వెనక్కి తిప్పి, తోక వెనకున్న శత్రువును చూడాలి, రేడియోలో మాట్లాడాలి, ఇంధనం లెక్క చూసుకోవాలి. దిగాక మోచేతుల లోపల, పిరుదుల మీద చిట్లిన రక్తనాళాల ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. రోజూ ఇదే పని. యుద్ధం వచ్చినా రాకపోయినా ఇదే పని.

నచికేత తరం మీద ఇంకో బరువు కూడా పడింది, దాన్ని దాటేసి పోలేను. కిరణ్ నెమ్మదైన శిక్షణ విమానం. దాని తర్వాత కుర్రాళ్లు అసోంలోని తేజ్‌పుర్ వెళ్లి ఏకంగా మిగ్-21 ఎక్కేవారు. గంటకు 300 కిలోమీటర్లకు పైబడిన వేగంతో నేలను తాకే విమానం అది. తప్పును క్షమించదు. ఈ రెండింటికీ మధ్య మెట్టుగా ఒక అధునాతన శిక్షణ జెట్ కావాలని లాఫోంటేన్ కమిటీ 1982లోనే చెప్పింది. ఆ జెట్, హాక్, బీదర్ స్థావరానికి వచ్చింది 2008లో. 26 ఏళ్లు. ఈలోగా ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు ఆ మెట్టు లేకుండానే దూకారు. దూకిన వాళ్లందరూ మిగల్లేదు. ఏ ఫైలు ఏ బల్ల మీద ఆగిందో గానీ, ఆ 26 ఏళ్లు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది. 2016 జూన్ 18న ఇదే దుండిగల్‌లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా అడుగుపెట్టినప్పుడు వాళ్లు హకీంపేట నుంచి బీదర్‌కు, హాక్ మీదికి వెళ్లగలిగారు. అదే క్రమం ముందే ఉండి ఉంటే ఎన్ని ఇళ్లలో ఫొటోలకు దండలు పడకుండా ఉండేవో.

ఇక శ్రీనగర్ రండి. ఇంజిన్ స్టార్ట్ అయింది.

మిగ్-27కు ముక్కు బాతుముక్కులా కిందికి వాలి ఉంటుంది. నేల మీది లక్ష్యాలను పైలట్ బాగా చూడాలని అలా చేశారు. ముక్కులో రాడార్ లేదు, దూరం కొలిచే లేజర్ ఉంది. కాక్‌పిట్ పక్కల కవచపు రేకులు. పొట్ట కింద ఆరు గొట్టాల 30 మిల్లీమీటర్ల ఫిరంగి. వెనక ఇంజిన్ ఒక్కటే. దాని మీదే అంతా. టేకాఫ్‌కు రెక్కలు బార్లా చాపి, వేగం అందుకున్నాక ఎడమ చేతి దగ్గరి లివర్‌తో వెనక్కి మడుస్తారు.

ఆఫ్టర్ బర్నర్ వెలిగింది. వీపు మీద ఎవరో గుద్దినట్టు ఒక్క తోపు. రన్‌వే అయిపోయింది, దాల్ సరస్సు వెనక్కి పోయింది. లోయ పచ్చదనం కాసేపే. ముందు రాయి, ఆ పైన మంచు. ఆ మంచు మీద ఎండ పడి హెల్మెట్ అద్దంలోంచి కూడా కళ్లు చికిలిస్తాయి. ఇక్కడి నుంచి బటాలిక్ పావుగంట దూరం కూడా లేదు. అన్ని శిఖరాలూ ఒకేలా ఉన్నాయి. మనుషులు చీమల్లా కనిపిస్తారని మనం అనుకుంటాం. అసలు కనిపించరు. రాళ్ల మధ్య రాళ్ల రంగు బంకర్, పక్కన చిన్న గుడారం, మంచు మీద అడుగుజాడల గీత, వీటిలో ఏదో ఒకటి కంటికి తగలాలి. తగిలేసరికి మీరు దాన్ని దాటిపోయి ఉంటారు.

లక్ష్యం దొరికింది. ముక్కు కిందికి దించండి. గురి అద్దంలో చుక్క, చుక్క కింద కొండ. కొండ పెద్దదవుతోంది. 80 మిల్లీమీటర్ల రాకెట్లు రెక్కల కింది గొట్టాల్లోంచి పొగ, నిప్పు కక్కుతూ ముందుకు దూసుకుపోతాయి. ఆ వేడి పొగ విమానం ముందే పరుచుకుంటుంది. అసలే పలుచటి గాలి, అందులో ప్రాణవాయువు లేని ఆ పొగ. ఇంజిన్ దాన్ని మింగింది.

చప్పుడు తగ్గిపోయింది.

ఫైటర్ పైలట్‌కు ఇంజిన్ శబ్దం చెవికి వినపడేది తక్కువ, ఒంటికి తెలిసేదే ఎక్కువ. వెన్నులో ఉండే ఆ అదురు ఒక్కసారిగా ఆగిపోతుంది. పట్టీలు ఒంటిని ముందుకు లాగుతాయి, ఎందుకంటే విమానం వేగం కోల్పోతోంది. ఆర్‌పీఎం ముల్లు పడిపోతోంది. ఒకే ఇంజిన్, అది ఆరిపోయింది. ఏం చేయాలో దుండిగల్ కుర్చీలో కళ్లు మూసుకుని నేర్చుకున్న చేతులు ముందే మొదలుపెడతాయి. థ్రాటిల్ వెనక్కి. రీలైట్. మళ్లీ వెలిగించడానికి ఇంజిన్‌లోకి వేగంగా గాలి దూరాలి. గాలి దూరాలంటే ముక్కు దించి వేగం పెంచాలి. ముక్కు దించడానికి కింద ఖాళీ ఉండాలి. కింద కొండలు. నచికేత రీలైట్‌కు ప్రయత్నించారు. ఇంజిన్ అందుకోలేదు. కొండ అంచు కళ్లముందు లేస్తోంది. ఇక మిగిలింది సీటు హ్యాండిల్.

పైకప్పు ఊడిపోయింది. సీటు కింద మందు పేలింది. రెప్పపాటులో ఇరవై జీకి దగ్గరగా బరువు నడుము నుంచి మెడ దాకా వెన్నుపూసలను ఒకదాని మీద ఒకటి నొక్కేసింది. మెడ ఒక్క అంగుళం వంగి ఉన్నా, నడుము సీటుకు ఆనకున్నా ఎముక చిట్లుతుంది. సరిగ్గా కూర్చున్నా చిట్లవచ్చు. తర్వాత గాలి దెబ్బ. తర్వాత పారాచూట్ కుదుపు. ఆ తర్వాత చలి.

అదే సమయంలో, కొంచెం వెనకగా, ఇంకో కాక్‌పిట్‌లో ఏం జరుగుతోందో చూడాలి. నా మటుకు మే 27 కథలో అసలు కేంద్రం అక్కడే ఉంది.

17వ స్క్వాడ్రన్, 'గోల్డెన్ యారోస్'. కమాండింగ్ ఆఫీసర్ బి.ఎస్. ధనోవా, తర్వాతి రోజుల్లో వాయుసేనాధిపతి అయిన మనిషి. ఆయన ఫ్లైట్ కమాండర్ స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా. రాజస్థాన్‌లోని కోటా వాళ్లది. అయిదు రోజుల కిందటే 36 నిండాయి. ఆ రోజు మిగ్-21లో ఆయన పని ఫొటోలు తీయడం, శత్రువు స్థావరాల నిఘా. నచికేత విమానం వదిలి దూకాడన్న మాట రేడియోలో ఆయన చెవిన పడింది.

ఇప్పుడు ఆహుజా ముందు రెండు దారులున్నాయి. తన పని తను చేసుకుని వెళ్లిపోతే ఎవరూ ఒక్క మాట అనరు. కింద భుజం మీంచి పేల్చే క్షిపణులున్నాయని తెలుసు. అవి ఇంజిన్ వేడిని పట్టుకుని వస్తాయి. ఒకే చోట చక్కర్లు కొట్టే విమానం వాటికి తేలిగ్గా దొరుకుతుంది. కానీ పడిపోయిన మనిషి ఎక్కడ పడ్డాడో పైనుంచి చూసి గుర్తు చెప్పకపోతే, రక్షించడానికి హెలికాప్టర్ ఎక్కడికని వెళ్తుంది? ఆహుజా ఆగారు. పారాచూట్ కోసం వెతుకుతూ కిందికి దిగారు. క్షిపణి ఆయన విమానానికి తగిలింది. తగిలిందని, దూకుతున్నానని రేడియోలో చెప్పారు. అది చివరి మాట.

ఆయన శవాన్ని పాకిస్తాన్ అప్పగించాక పోస్టుమార్టం జరిగింది. మోకాలు విరిగింది, అంటే ప్రాణంతోనే నేల మీదికి దిగారు. ఒంట్లో తూటా గాయాలున్నాయి. పట్టుబడ్డాక కాల్చి చంపారని భారత్ ప్రకటించింది. ఆయనకు మరణానంతరం వీరచక్ర ఇచ్చారు. ఆహుజా విమానం కూలిన మర్నాడే, మే 28న, తోలోలింగ్ మీద ఎమ్ఐ-17 హెలికాప్టర్‌ను క్షిపణి కూల్చింది. అందులో ఉన్న నలుగురూ పోయారు: స్క్వాడ్రన్ లీడర్ రాజీవ్ పుండీర్, ఫ్లైట్ లెఫ్టినెంట్ ముహిలన్, సార్జెంట్ పి.వి.ఎన్.ఆర్. ప్రసాద్, సార్జెంట్ ఆర్.కె. సాహు. ఈ నాలుగు పేర్లూ ఏటా కార్గిల్ రోజున పత్రికల్లో వెతుకుతుంటాను. చాలాసార్లు దొరకవు.

కింద మంచులో నచికేత ఒక్కరే. చుట్టూ తెలుపు. నడుము పట్టేసింది. ఎటు వెళ్లాలో తేల్చుకునేలోపు తుపాకీ చప్పుడు. అయిదారుగురు సైనికులు వస్తున్నారు. చేతిలో పిస్టల్, దానికి పాతిక గజాల సత్తువ. ఎదురుగా ఏకే రైఫిళ్లు. అయినా కాల్చారు. ఒక మ్యాగజీన్ ఖాళీ అయింది. రెండోది ఎక్కించేలోపు మీదపడ్డారు. ఒక జవాను తుపాకీ గొట్టం తన నోట్లో పెట్టాడని, వాడి వేలు ట్రిగ్గర్ మీద ఎటు కదులుతుందా అని చూస్తూ ఉండిపోయానని చాలా ఏళ్ల తర్వాత ఆయనే చెప్పారు. అప్పుడు ఒక పాకిస్తానీ అధికారి వచ్చి తన వాళ్లను ఆపాడు. తమ మీద బాంబులు వేసిన మనిషి చేతికి చిక్కితే సైనికుల కోపం ఎలా ఉంటుందో ఊహించవచ్చు. ఆ కోపంలో ఆ అధికారి మాట చెల్లింది.

తర్వాత రావల్పిండి. గది, ప్రశ్నలు, దెబ్బలు. పాకిస్తాన్ వాయుసేనలో అప్పుడు డైరెక్టర్ ఆఫ్ ఆపరేషన్స్‌గా ఉన్న కైజర్ తుఫైల్ ఆయనతో మాట్లాడడానికి వచ్చారు. తుఫైల్ కూడా ఫైటర్ పైలటే. నచికేత శాకాహారి అని తెలిసి, ఆయన తినగలిగే ఫలహారం వెతికించి తెప్పించారు. టీ తాగుతూ విమానాల గురించి, ఇళ్ల గురించి మాట్లాడుకున్నారు. దీన్ని దేశాల స్నేహంగా చూపించే వాళ్లున్నారు, నేను అంత దూరం పోను. అదే వారంలో, అదే కొండల్లో ఆహుజాకు జరిగింది పక్కనే ఉంది. ఒక వృత్తిలో ఉన్న మనిషి అదే వృత్తిలోని మనిషిని గౌరవించాడు. అది జరిగింది, దానికి తుఫైల్‌ను మెచ్చుకోవాలి, అంతే.

మే 31 ఆ గోడల మధ్యే వచ్చింది. 26 నిండాయి.

బయట దౌత్యం నడిచింది. ఇస్లామాబాద్‌లో మన హైకమిషనర్ జి. పార్థసారథి. పైలట్‌ను విడుదల చేస్తున్నాం, వచ్చి తీసుకెళ్లండని పాకిస్తాన్ విదేశాంగ శాఖ కబురు పంపింది. తీరా చూస్తే అక్కడ విలేకరులు, కెమెరాలు. యుద్ధఖైదీని కెమెరాల ముందు తమాషాగా అప్పగించుకోవడానికి పార్థసారథి ససేమిరా అన్నారు. చివరికి జూన్ 3న రెడ్‌క్రాస్ ద్వారా అప్పగింత జరిగింది. వాఘా దగ్గర నచికేత సరిహద్దు దాటి వచ్చారు. దేశం మొత్తం టీవీల ముందు కూర్చుంది. తర్వాత వాయుసేన పతకం వచ్చింది.

మన జ్ఞాపకంలో నచికేత అక్కడితో ఆగిపోయారు. వాఘా గేటు, దండలు, అయిపోయింది. పేరెత్తితే "పాకిస్తాన్‌కు పట్టుబడ్డ పైలట్" అంటారు. చెర ఎనిమిది రోజులు. అంతకు ముందు ఏళ్ల తరబడి తయారైన చేతులు, ఆ తర్వాత 18 ఏళ్ల సర్వీసు. ఆ మనిషిని ఎనిమిది రోజులతో కొలవడం నాకు అన్యాయంగా తోస్తుంది. పైగా ఆ 18 ఏళ్లలోనే గట్టి పని ఉంది.

ఎందుకంటే ఆ ఎజెక్షన్ వెన్నును వదల్లేదు. ఫైటర్ పైలట్‌కు వెన్నెముకే అన్నం పెడుతుంది. ఆరు జీల బరువు మళ్లీ మళ్లీ మోయాలి, మళ్లీ ఎజెక్ట్ కావాల్సి వస్తే తట్టుకోవాలి. దెబ్బతిన్న పూసలతో ఆ సీటు ఇవ్వరు. వైద్యులు ఎక్స్‌రే పట్టుకుని వెలుతురులో చూసి, ఫైలు మీద కేటగిరీ రాస్తారు. రెండు మూడు అక్షరాలు. ఇరవై ఆరేళ్ల ఫైటర్ పైలట్‌కు ఆ అక్షరాలు ఏం చెబుతాయో మీరే ఊహించుకోండి. స్క్వాడ్రన్ మిత్రులు పొద్దున్నే జీ-సూట్ తొడుక్కుని బయల్దేరుతుంటారు. మీరు క్రూ రూమ్‌లో టీ కప్పు పట్టుకుని బోర్డు మీద వాళ్ల పేర్లు చదువుతుంటారు. కొందరు ఇక్కడ నేల ఉద్యోగానికి ఒప్పుకుంటారు, కొందరు సర్వీసు వదిలేస్తారు, రెండింట్లోనూ తప్పేం లేదు.

నచికేత రవాణా విమానాల వైపు వెళ్లారు. ఇల్యూషిన్-76, ఆ తర్వాత ఇల్యూషిన్-78.

పేరు మార్పు తేలికే, చేతులకు మాత్రం పునర్జన్మ. మిగ్-27లో పైలట్ ఒక్కడే, మాట్లాడడానికి రేడియో తప్ప ఎవరూ లేరు. ఇల్యూషిన్‌లో సిబ్బంది అరడజను. పక్కన కో-పైలట్, వెనక ఫ్లైట్ ఇంజినీర్, కాళ్ల కింద గాజు ముక్కులో నావిగేటర్. రెక్కల కింద నాలుగు ఇంజిన్లు. మిగ్‌కు దాదాపు పది రెట్ల బరువు. అక్కడ స్టిక్‌ను మణికట్టుతో తిప్పితే విమానం బొంగరంలా తిరుగుతుంది. ఇక్కడ రెండు చేతులతో యోక్ తిప్పి, ఈ కొండ ఒరగడానికి పట్టే సమయం ఓపికగా ఆగాలి. ఆకాశంలో అందరికన్నా ముందుండాలని నూరిపోసిన మనిషి, ఇప్పుడు ఒకే ఎత్తులో, ఒకే వేగంలో, వెంట్రుకవాసి కదలకుండా ఎగరడం నేర్చుకోవాలి. మొదటి నుంచి రవాణా విమానాలే నడిపిన వాళ్ల పక్కన, మళ్లీ విద్యార్థిగా కూర్చుని.

ఇల్యూషిన్-78 ఆకాశంలో పెట్రోలు బంకు. వాయుసేనలోకి 2003లో వచ్చింది, ఆగ్రా దాని స్థావరం. ఫైటర్ల పొట్ట చిన్నది, ఇంధనం త్వరగా అయిపోతుంది. అవి దిగకుండానే గాల్లో నింపి, ఇంకో వెయ్యి కిలోమీటర్లు ముందుకు పంపడం దీని పని. నచికేత 2017లో గ్రూప్ కెప్టెన్‌గా పదవీ విరమణ చేశారు. ఆయన ఎగిరిన మిగ్-27 రకం 2019 డిసెంబర్ 27న జోధ్‌పుర్‌లో చివరిసారి ఎగిరింది.

ఇల్యూషిన్ కాక్‌పిట్‌లోకి కూడా ఒకసారి ఎక్కండి. కెప్టెన్ సీటు వెనక నిలబడటానికి చోటుంది. జీ-సూట్ అక్కర్లేదు.

వేగం, ఎత్తు, దిక్కు, మూడు ముళ్లూ కదలకుండా నిలిచి ఉన్నాయి. రెండు రెక్కల చివరి పాడ్‌ల నుంచి, తోక పక్క నుంచి మూడు గొట్టాలు వెనక్కి సాగుతున్నాయి. ఒక్కో గొట్టం కొసన ఒక బుట్ట, గాలికి కొద్దికొద్దిగా ఊగుతూ. పాత రోజుల్లో తోకలో తుపాకీ పట్టుకున్న మనిషి కూర్చునే గదిలో ఇప్పుడు ఇంధనం ఆపరేటర్ వెనక్కి తిరిగి కూర్చుని ఉంటాడు. ముందు సీట్లలోని పైలట్లకు వెనక వస్తున్నది కనపడదు. వాళ్ల కళ్లు అతనే. ఫైటర్లు ఎడమ పక్కన వచ్చి వరసగా నిలబడ్డాయని అతను చెబుతాడు. ఒకటి విడివడి బుట్ట వెనక్కి చేరిందని చెబుతాడు. ఇప్పుడు ఆ ఫైటర్ ముక్కు దగ్గరి గొట్టాన్ని ఊగే బుట్టలోకి దూర్చాలి, మనిషి నడిచే వేగంతో ముందుకు జరుగుతూ. కుర్రాడు బుట్ట వైపు చూస్తే దాని వెంట ఊగిపోతాడు. ట్యాంకర్ వైపే చూస్తూ దగ్గరకు రావాలి. మొదటిసారి తప్పింది. వెనక్కి జారి, మళ్లీ వస్తున్నాడు. అతని ఇంధనం ముల్లు ఎంత కిందికి దిగి ఉంటుందో, మాస్కులో ఊపిరి ఎంత వేగంగా ఆడుతుందో ఈ సీట్లోని మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన చేయగలిగింది ఒక్కటే, ఈ భారీ విమానాన్ని రైలుపట్టా మీద ఉన్నట్టు నిలపడం. నిలిపారు. బుట్ట కలిసింది. పాడ్ మీద దీపం ఆకుపచ్చగా మారింది, ఇంధనం పారుతోంది. ఆపరేటర్ లెక్క చదువుతున్నాడు. కొన్ని నిమిషాలకు ఫైటర్ విడివడి కుడి పక్కకు జరిగింది, ఎడమ నుంచి రెండోది బుట్ట వెనక్కి వస్తోంది.